ఐటీ మనిషి లేని ఆఫీసుకు భద్రత: ఎక్కడ మొదలుపెట్టాలి, సరిగ్గా ఉందో లేదో ఎలా చూసుకోవాలి

"మాది చిన్న ఆఫీసు, పది పదిహేను మందిమి. ఐటీకంటూ విడిగా మనిషి లేడు. ఏ యాంటీవైరస్ కొనమంటారు?" ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. కొనడం సంగతి పక్కన పెట్టండి. విండోస్‌తో పాటే వచ్చే డిఫెండర్‌ని ఎవరూ ఆపేయకుండా ఉంచితే చాలా చిన్న ఆఫీసులకు అదే సరిపోతుంది. అసలు దెబ్బ తగిలేది వేరే చోట. ఏ లాగిన్ ఎవరి దగ్గర ఉందో ఎవరికీ పూర్తిగా తెలియదు. బ్యాకప్ ఉందనుకుంటారు, తెరిచి చూసినవాళ్లుండరు. మెయిల్‌లో వచ్చిన కొత్త బ్యాంకు ఖాతా నంబరును నమ్మి డబ్బు పంపేస్తారు.

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. పనికి అడ్డం పడే ఏ నిబంధనైనా నెల తిరక్కుండా కాగితాల మీదే మిగిలిపోతుంది. పాస్‌వర్డ్ దొరక్కపోతే గ్రూపులో అడుగుతారు, ఫైల్ తెరుచుకోకపోతే సొంత మెయిల్‌కి పంపుకుంటారు. తప్పు వాళ్లది కాదు, పద్ధతిది. అందుకే కింద చెప్పినవాటిలో ఏది చేసినా రోజువారీ పని కాస్త తేలికైందా లేదా అని చూడండి. తేలిక కాకపోతే అమరికలో ఏదో తేడా ఉన్నట్టే.

కావలసినవి

- ఒక స్ప్రెడ్‌షీట్
- ఈ పనికి బాధ్యులుగా ఒకరు, వాళ్లు సెలవులో ఉంటే చూసుకోవడానికి ఇంకొకరు. టెక్నికల్ చదువు అక్కర్లేదు, ఓపిక కావాలి.
- టీమ్ ప్లాన్ ఉన్న పాస్‌వర్డ్ మేనేజర్, అంటే పాస్‌వర్డ్‌లన్నీ తాళం వేసి దాచి, అవసరమైన చోట నింపే యాప్. బిట్‌వార్డెన్, వన్‌పాస్‌వర్డ్ లాంటివి ఏవైనా సరే.
- రెండు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులు
- అడ్మిన్ ఖాతాల కోసం యూఎస్‌బీ సెక్యూరిటీ కీలు (లాగిన్ అయ్యేది మీరేనని రుజువు చేసే చిన్న పరికరాలు), ఒక్కో అడ్మిన్‌కి రెండేసి. ఇవి లేకపోయినా పని ఆగదు.
- కాగితం, అంటించడానికి వీలున్న కవర్లు, తాళం వేసే బీరువా
- యజమాని సమయం ఒక పూట. దీన్ని తప్పించుకోవాలని చూడకండి. డొమైన్ (మీ వెబ్‌సైట్, మెయిల్ చిరునామాల్లో ఉండే పేరు), బ్యాంకు లాగిన్లు చాలా చోట్ల యజమాని ఫోన్‌తోనే ముడిపడి ఉంటాయి.

1. ఖాతాలన్నీ ఒక చోట రాయండి

షీట్‌లో ఈ గడులు పెట్టండి: సేవ పేరు, ఏ మెయిల్ ఐడీతో తెరిచారు, అడ్మిన్ ఎవరు, రికవరీ ఫోన్ నంబరు ఎవరిది, టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ తర్వాత ఇంకో రుజువు అడగడం) ఉందా, రెన్యువల్ ఎప్పుడు, డబ్బు ఏ కార్డు నుంచి పోతోంది. పాస్‌వర్డ్ గడి మాత్రం పెట్టొద్దు. ఈ షీట్ పదిమంది చూస్తారు.

గుర్తున్నవి రాస్తే సగం కూడా రావు. మూడు చోట్ల వెతకండి. గత ఏడాది కార్డు స్టేట్‌మెంట్లలో నెలనెలా పోతున్న చెల్లింపులు. ఆఫీసు మెయిల్‌లో "వెల్‌కమ్", "వెరిఫై" అని సబ్జెక్టు ఉన్న పాత మెయిళ్లు. ప్రతి కంప్యూటర్‌లో బ్రౌజర్ దాచుకున్న పాస్‌వర్డ్‌ల జాబితా. దీనికి తోడు, పని కోసం సొంత ఖాతాలతో ఏఐ చాట్ టూల్స్, ఫైల్ కన్వర్టర్లు ఎవరెవరు వాడుతున్నారో అడగండి. తిట్టడానికి కాదని ముందే చెప్పండి, లేకపోతే నిజం చెప్పరు. కస్టమర్ల ఫైళ్లు ఎక్కువగా బయటికి పోయేది ఈ దారిలోనే.

అందరూ మరిచిపోయేది డొమైన్ పేరు. చాలా ఆఫీసుల్లో అది ఎప్పుడో వెబ్‌సైట్ చేసిపెట్టిన మనిషి ఖాతాలో, ఆయన సొంత మెయిల్ మీద ఉంటుంది. రెన్యువల్ నోటీసు ఆయనకే వెళ్తుంది. ఆయన చూసుకోకపోతే ఒక ఉదయం వెబ్‌సైట్‌తో పాటు ఆఫీసు మెయిల్ మొత్తం ఆగిపోతుంది. ఈ మెట్టు పూర్తయ్యేలోపే డొమైన్‌ని మీ ఖాతాలోకి మార్చుకోండి. ఆటో రెన్యువల్ పెట్టండి, డొమైన్‌ని ఎవరూ వేరే చోటికి మార్చుకుపోకుండా ట్రాన్స్‌ఫర్ లాక్ ఆన్ చేయండి. ఇక్కడో చిక్కుంది. డొమైన్ ఖాతాకి ఇచ్చే మెయిల్ ఐడీ అదే డొమైన్‌ది కాకూడదు. డొమైన్ ఆగిన రోజున దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి వచ్చే మెయిల్ కూడా అందదు.

ఎలా సరిచూసుకోవాలి? షీట్‌లోంచి ఏవైనా మూడు సేవలు ఎంచుకుని, "దీని అడ్మిన్ రేపు రాకపోతే ఎవరు లాగిన్ అవుతారు?" అని అడగండి. జవాబు వెంటనే రాకపోతే అక్కడ రెండో అడ్మిన్‌ని పెట్టండి. వాడనివాటికి, రెండేసి సార్లు కడుతున్నవాటికి పోతున్న డబ్బు కూడా ఈ పనిలోనే బయటపడుతుంది.

2. పాస్‌వర్డ్‌లను మేనేజర్‌లోకి తరలించండి

పనుల వారీగా ఫోల్డర్లు చేయండి: అకౌంట్స్, సేల్స్, అందరివీ. ఎవరికి ఏది అవసరమో అదే కనిపించాలి. అందరికీ అన్నీ తెరిచిపెడితే మేనేజర్ పెట్టి లాభం లేదు.

ప్రతి ఒక్కరూ గుర్తుంచుకోవాల్సింది ఒక్క మాస్టర్ పాస్‌వర్డ్. దానికి సంబంధం లేని నాలుగైదు మాటలు వరసగా పెట్టుకుంటే చాలు. పొడవు ముఖ్యం, వింత గుర్తులు కాదు. మూడు నెలలకోసారి అందరూ పాస్‌వర్డ్ మార్చాలన్న పాత నిబంధన మీ దగ్గర ఉంటే తీసేయండి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే తన మార్గదర్శకాల్లో దాన్ని వద్దంది. కారణం అందరికీ తెలిసిందే, బలవంతంగా మార్చమంటే చివర ఉన్న 1ని 2 చేస్తారు. పాస్‌వర్డ్ బయటికి పొక్కిందని అనుమానం వస్తే మాత్రం వెంటనే మార్చాలి.

ఇక్కడ జరిగే పొరపాట్లు:

- బ్రౌజర్‌లోంచి పాస్‌వర్డ్‌లు తరలించేటప్పుడు సీఎస్‌వీ ఫైల్ (ఎవరైనా తెరవగలిగే మామూలు పట్టిక) ఒకటి తయారవుతుంది. అందులో అన్నీ బట్టబయలుగా ఉంటాయి. దిగుమతి అవగానే దాన్ని తీసేయాలి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయాలి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ క్లౌడ్‌తో సింక్ అవుతుంటే అక్కడి చెత్తబుట్టలోనూ చూడండి.
- మేనేజర్ పెట్టాక కూడా బ్రౌజర్‌లో సేవ్ ఆప్షన్ వదిలేయడం. రెండు చోట్ల రెండు పాస్‌వర్డ్‌లు తయారై, ఏది సరైనదో తెలియక జనం పాత పద్ధతికి పోతారు.
- మాస్టర్ పాస్‌వర్డ్ మరిచిపోతే దారేమిటో ముందే చూసుకోకపోవడం. అడ్మిన్ ఖాతాల రికవరీ వివరాలు కాగితం మీద రాసి, కవరులో పెట్టి అంటించి, బీరువాలో దాచండి.

మేనేజర్‌తో ఇంకో లాభం ఉంది, చాలామంది గమనించరు. అది సైటు చిరునామా చూసే పాస్‌వర్డ్ నింపుతుంది. బ్యాంకు పేజీలాగే కనిపిస్తున్నా దానంతట అది నింపలేదంటే, చేత్తో కాపీ చేసి అతికించకండి. ఆగి, పైన చిరునామా అక్షరం అక్షరం చూడండి. మీ కన్ను మోసపోయిన చోట అది మోసపోదు.

కొత్తగా చేరిన ఉద్యోగి మొదటి రోజే ఎవరినీ ఒక్క పాస్‌వర్డ్ కూడా అడక్కుండా పని మొదలుపెట్టగలిగితే ఈ మెట్టు అయినట్టే.

3. టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టండి, ఈ క్రమంలో

ముందు మెయిల్ అడ్మిన్ ఖాతా. తర్వాత పాస్‌వర్డ్ మేనేజర్, డొమైన్, బ్యాంకు, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్. ఆపైన అందరి మెయిళ్లు. మెయిల్ మొదట ఎందుకంటే మిగతా ఖాతాలన్నిటి "ఫర్‌గాట్ పాస్‌వర్డ్" లింకులూ అక్కడికే వస్తాయి.

పద్ధతుల్లో గట్టివి సెక్యూరిటీ కీ, పాస్‌కీ (ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో దాగి ఉండి, పాస్‌వర్డ్ బదులు పనిచేసే డిజిటల్ కీ). నకిలీ సైటులో అవి పనిచేయవు. తర్వాతి స్థానం ఆథెంటికేటర్ యాప్‌ది. మామూలుగా ప్రతి 30 సెకన్లకు మారే ఆరంకెల కోడ్ ఇస్తుంది. అయితే ఆ కోడ్‌ని నకిలీ పేజీలో కొట్టించుకుని దొంగిలించవచ్చు. ఎస్ఎంఎస్ అన్నిటికంటే బలహీనం. మీ నంబరు మీద ఇంకొకరు సిమ్ తీసుకుంటే కోడ్ వాళ్లకే పోతుంది. అయినా వేరే దారి లేని సేవలో ఎస్ఎంఎస్ అయినా పెట్టండి, ఏమీ లేకపోవడం కంటే చాలా నయం.

ఒక్క ఖాతా వదిలేస్తే ఏమవుతుందని అడుగుతుంటారు. 2021లో అమెరికాలో కొలోనియల్ పైప్‌లైన్ అనే సంస్థ ఇంధన సరఫరా సైబర్ దాడితో రోజుల తరబడి ఆగింది. దొంగలు లోపలికి వచ్చింది ఎవరూ వాడని ఒక పాత వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చే దారి) లాగిన్ నుంచి. దానికి రెండో అంచె లేదు. అందుకే పాత ఖాతాలకు కూడా ఇది పెడితే చాలదు, వాడని ఖాతాలు అసలు ఉండకుండా మూసేయాలి.

ఇంకో జాగ్రత్త ఫోన్‌లో "లాగిన్ మీరేనా?" అని వచ్చే నోటిఫికేషన్ గురించి. 2022లో ఊబర్ మీద దాడి చేసినవాడు ఇలాంటి అభ్యర్థనలు వరసపెట్టి పంపుతూ పోయాడు, చివరికి అవతలి మనిషి ఒకదాన్ని ఒప్పుకున్నాడు. తాము లాగిన్ కానప్పుడు ఆ అభ్యర్థన వస్తే తిరస్కరించి, వెంటనే బాధ్యుడికి చెప్పాలని అందరికీ చెప్పండి. అది వచ్చిందంటే పాస్‌వర్డ్ అప్పటికే ఎవరి చేతికో చిక్కిందని అర్థం.

మరిచిపోకూడనివి రెండు. ఆన్ చేసేటప్పుడు ఇచ్చే రికవరీ కోడ్‌లు ప్రింట్ తీసి కవరులో పెట్టాలి, ఆ ఫోన్‌లోనే స్క్రీన్‌షాట్‌గా కాదు. ప్రతి ముఖ్యమైన సేవకూ అడ్మిన్‌లు ఇద్దరుండాలి. ఉన్న ఒక్క అడ్మిన్ ఫోన్ పోగొట్టుకుంటే మీ ఆఫీసుకు మీరే బయటివాళ్లైపోతారు.

సరిచూసుకోవడానికి సెట్టింగ్స్‌లో ఆన్ అని కనిపిస్తే సరిపోదు. ఇన్‌కాగ్నిటో విండో (పాత లాగిన్లు గుర్తుండని బ్రౌజర్ విండో) తెరిచి కొత్తగా లాగిన్ అయి చూడండి, కోడ్ అడగాలి. తర్వాత "సైన్ అవుట్ ఆఫ్ ఆల్ డివైజెస్" ఒకసారి నొక్కండి. పాత లాగిన్లు అలాగే కొనసాగుతుంటే కొత్త తాళం వేసి కిటికీ తెరిచి ఉంచినట్టే.

4. కంప్యూటర్లు

దీనికి ఎక్కువ సమయం పట్టదు. ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆన్ చేయండి, బ్రౌజర్‌కి కూడా. 2017 మేలో ప్రపంచాన్ని కుదిపేసిన వానాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లను లాక్ చేసి డబ్బు అడిగే వైరస్) వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే ప్యాచ్, అంటే దాన్ని సరిచేసే అప్‌డేట్, విడుదల చేసింది. దెబ్బతిన్న కంప్యూటర్లలో చాలావాటికి ఆ ప్యాచ్ వేయలేదు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అది నడుస్తున్న మెషిన్లు ఉంటే విండోస్ 11కి మార్చండి. మార్చడం కుదరనిదానికి మద్దతు ముగిశాక కూడా భద్రతా అప్‌డేట్లు అందించే ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్ తీసుకోండి. బ్యాంకు పని మాత్రం దాని మీద చేయొద్దు.

రోజువారీ పనికి అందరికీ స్టాండర్డ్ యూజర్ ఖాతా ఇవ్వండి, అడ్మిన్ ఖాతా విడిగా ఉండాలి. యజమానికి కూడా ఇదే వర్తిస్తుంది. ల్యాప్‌టాప్ పోయినా లోపలి డేటా ఎవరూ చదవలేకుండా విండోస్ అయితే బిట్‌లాకర్, మ్యాక్ అయితే ఫైల్‌వాల్ట్ ఆన్ చేయండి. బిట్‌లాకర్ రికవరీ కీ 48 అంకెలు ఉంటుంది. దాన్ని పాస్‌వర్డ్ మేనేజర్‌లో పెట్టకుండా ముందుకు పోవద్దు. ఆ కీ లేక సొంత డేటాని సొంతవాళ్లే తెరవలేని పరిస్థితి రాకూడదు.

వైఫై రౌటర్‌తో వచ్చిన అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి, వచ్చిపోయేవాళ్లకు గెస్ట్ నెట్‌వర్క్ ఇవ్వండి.

5. బ్యాకప్, ముఖ్యంగా తిరిగి తెచ్చుకోవడం

"మావన్నీ క్లౌడ్‌లోనే ఉన్నాయి" అంటారు. గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ లాంటివి చేసేది సింక్. మీ కంప్యూటర్‌లో ఫైల్ పోతే అక్కడా పోతుంది, ఇక్కడ పాడైతే అక్కడా పాడవుతుంది. గూగుల్ డ్రైవ్ చెత్తబుట్టలో ఫైల్ ఉండేది 30 రోజులే. రెండు నెలల క్రితం ఎవరో పొరపాటున తీసేసిన ఫోల్డర్ ఈరోజు కావాల్సి వస్తే దొరకదు.

సింక్‌కీ బ్యాకప్‌కీ తేడా మెర్స్క్ షిప్పింగ్ సంస్థ అనుభవంలో కనిపిస్తుంది. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే వైరస్ వచ్చినప్పుడు వాళ్ల నెట్‌వర్క్‌లో ఎవరు ఎవరో గుర్తించే డొమైన్ కంట్రోలర్ సర్వర్లు ఒకదానితో ఒకటి సింక్ అవుతూ ఉండేవి. ఒకటి పోతే ఇంకొకటి ఉంటుందన్నది ధీమా. అన్నీ ఒకేసారి తుడిచిపెట్టుకుపోయాయి. ఘనాలో ఉన్న ఒక్కటి మిగిలింది, అది కూడా ఆ సమయంలో అక్కడ కరెంటు పోవడం వల్ల. నెట్‌వర్క్‌కి తగిలించి లేని కాపీయే వాళ్లను గట్టెక్కించింది. మీరు దాన్ని అదృష్టానికి వదలకుండా కావాలనే ఏర్పాటు చేసుకోవాలి.

పద్ధతి పాతదే, 3-2-1 అంటారు. డేటా మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, అందులో ఒకటి ఆఫీసు బయట. చిన్న ఆఫీసుకి ఇలా కుదురుతుంది:

- అసలు ఫైళ్లు: క్లౌడ్‌లో కానీ ఆఫీసు కంప్యూటర్‌లో కానీ.
- రెండో కాపీ: వేరే కంపెనీ బ్యాకప్ సేవలో రోజూ దానంతట అదే జరిగేలా. పాత వెర్షన్లు కనీసం 90 రోజులు ఉంచేది చూసుకోండి.
- మూడోది: ఎన్‌క్రిప్ట్ చేసిన (పాస్‌వర్డ్ లేకుండా ఎవరూ చదవలేని) ఎక్స్‌టర్నల్ డిస్క్. రెండు డిస్కుల్ని వారం మార్చి వారం వాడండి. ఒకటి ఆఫీసులో ఉంటే ఇంకొకటి బయట. కాపీ అవగానే వైరు తీసేయాలి. ఎప్పుడూ తగిలించే ఉంచితే ర్యాన్సమ్‌వేర్ దాన్నీ లాక్ చేస్తుంది.

ఏం బ్యాకప్ చేయాలో కూడా చూడండి. డాక్యుమెంట్లు అందరూ తీస్తారు. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ డేటా, మెయిళ్లు, వెబ్‌సైట్, పాస్‌వర్డ్ మేనేజర్ ఎన్‌క్రిప్టెడ్ ఎక్స్‌పోర్ట్ వదిలేస్తారు. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి ఉండగా దాని ఫోల్డర్‌ని కాపీ చేస్తే ఆ కాపీ తెరుచుకోకపోవచ్చు. అందులోనే ఉన్న బ్యాకప్ ఆప్షన్ వాడండి.

ఇక అసలు విషయం రీస్టోర్, అంటే బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చుకోవడం. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్ల కోడ్‌ని దాచే సేవ నడిపే గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేస్ ఫోల్డర్‌ని తీసేశాడు. తిరిగి తెచ్చుకోవడానికి చూస్తే, పెట్టుకున్న ఐదు ఏర్పాట్లలో ఒక్కటీ సరిగ్గా పనిచేయడం లేదు. బ్యాకప్ విఫలమైతే మెయిల్ రావాలి, కానీ ఆ మెయిళ్లే తిరస్కరణకు గురవుతున్నాయి. వేరే పని కోసం ఆరు గంటల ముందు తీసిన స్నాప్‌షాట్ (ఆ క్షణానికి ఉన్న డేటా కాపీ) ఒకటి ఉండబట్టి బయటపడ్డారు. పూర్తికాలం ఇదే పని చేసే కంపెనీ అది. ఇందులోంచి మీరు తీసుకోవాల్సింది ఒకటుంది: విఫలమైనప్పుడు మాత్రమే మెయిల్ పంపేలా పెట్టకండి, సఫలమైనప్పుడు కూడా రోజూ మెయిల్ రావాలి. అది రాని రోజున ఎవరో ఒకరు అడగాలి.

నెలకోసారి ఇలా పరీక్షించండి:

- మూడు ఫైళ్లు ఎంచుకోండి. ఒకటి నిన్నటిది, ఒకటి నెల క్రితం నాటిది, ఒకటి అకౌంటింగ్ డేటా.
- అసలు ఫైళ్లు లేని వేరే కంప్యూటర్‌లోకి రీస్టోర్ చేయండి. అదే చోట రీస్టోర్ చేసి అసలు ఫైళ్ల మీద పాతవి రాసేయడం ఇక్కడ ఎక్కువగా జరిగే ప్రమాదం.
- ఫైల్ తెరవండి. పేరు కనిపించడం కాదు, లోపల అంకెలు సరిగ్గా ఉండాలి.
- మొదలుపెట్టినప్పటి నుంచి తెరుచుకునే దాకా ఎంతసేపు పట్టిందో రాసుకోండి. అంతా పోయిన రోజున యజమాని అడిగే మొదటి ప్రశ్న అదే.
- ఈసారి చేసినవాళ్లు కాకుండా వచ్చేసారి ఇంకొకరు చేయాలి.

6. డబ్బు పంపే ముందు

ఈ మోసానికి వైరస్ కూడా అక్కర్లేదు. మీకు ఎప్పటి నుంచో సరుకు ఇస్తున్న సంస్థ నుంచి మెయిల్ వస్తుంది: "మా బ్యాంకు ఖాతా మారింది, ఈసారి నుంచి దీనికి పంపండి." బిల్లు నిజమైనదిలాగే ఉంటుంది. 2013 నుంచి 2015 మధ్య ఒక వ్యక్తి తైవాన్‌లోని హార్డ్‌వేర్ సంస్థ పేరుతో నకిలీ బిల్లులు పంపి గూగుల్, ఫేస్‌బుక్‌ల నుంచి 10 కోట్ల డాలర్లకు పైగా రాబట్టాడు. అంత పెద్ద సంస్థలే పంపేశాయంటే తొందరలో ఉన్న మీ అకౌంటెంట్‌ని తప్పుపట్టి లాభం లేదు.

నియమం ఒక్కటే పెట్టండి. ఖాతా నంబరు మారిందన్న మాట ఏ దారిలో వచ్చినా, మీ దగ్గర ముందే ఉన్న ఫోన్ నంబరుకు చేసి కనుక్కున్నాకే మార్చాలి. మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు కాదు. ఎవరితో మాట్లాడారో, ఎప్పుడో ఆ బిల్లు మీదే రాయాలి. పెద్ద మొత్తాలకు బ్యాంకులోనే ఇద్దరి ఆమోదం తప్పనిసరి చేయించండి.

యజమాని పేరుతో "మీటింగ్‌లో ఉన్నా, ఫోన్ చేయొద్దు, వెంటనే పంపు" అని వస్తే? ఫోన్ చేసి అడిగినందుకు ఎవరికీ మాట పడదని యజమాని అందరి ముందూ చెప్పాలి. ఇది చెప్పని చోట పై నియమం నిలబడదు. గొంతును కూడా ఇప్పుడు కంప్యూటర్‌తో అనుకరిస్తున్నారు. అందుకే వచ్చిన కాల్‌ని నమ్మకుండా మీరే తిరిగి చేయడం మంచిది.

ఇంకో చోట చూడండి. అకౌంట్స్, యజమాని మెయిళ్ల సెట్టింగ్స్‌లో ఫార్వార్డింగ్, ఫిల్టర్ నియమాలు. మెయిల్‌లోకి చొరబడ్డవాళ్లు "ఇన్‌వాయిస్" అన్న మాట ఉన్న మెయిళ్లన్నీ బయటికి పోయేలా, ఇన్‌బాక్స్‌లో కనబడకుండా నియమం పెట్టి వెళ్తారు. పాస్‌వర్డ్ మార్చినా ఆ నియమం అలాగే ఉంటుంది. మీరు పెట్టనిది ఏదైనా కనిపిస్తే తీసేసే ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి.

మీ డొమైన్ పేరుతో ఇతరులు మెయిల్ పంపకుండా డొమైన్ సెట్టింగ్స్‌లో ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులు (మెయిల్ నిజంగా మీదేనా అని అందుకునేవాళ్లు సరిచూసుకునే గుర్తులు) పెట్టించండి. డీమార్క్‌ని మొదట, ఏ మెయిల్‌నీ ఆపకుండా రిపోర్టులు మాత్రమే పంపే "నన్" స్థాయిలో పెట్టి, కొన్ని వారాలు రిపోర్టులు చూశాకే గట్టి చేయండి. నేరుగా "రిజెక్ట్" పెడితే మీ సొంత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పంపే మెయిళ్లే ఆగిపోవచ్చు.

7. ఎవరైనా మానేసిన రోజు

మొదటి మెట్టులో చేసిన షీట్ ఇక్కడ అక్కరకొస్తుంది. ఆ మనిషి పేరుతో వడపోసి, చివరి పనిదినం సాయంత్రానికి అన్నీ పూర్తి చేయండి. మెయిల్ ఖాతాను వెంటనే తీసేయకండి. సైన్ ఇన్ ఆపి, ఫైళ్లు, మెయిళ్లు ఇంకొకరికి బదిలీ చేశాక తీసేయండి. గూగుల్ వర్క్‌స్పేస్‌లో తీసేసిన ఖాతాను తిరిగి తెచ్చుకోవడానికి 20 రోజులే గడువు, మైక్రోసాఫ్ట్ 365లో 30 రోజులు. ఆ మనిషికి తెలిసిన ఉమ్మడి పాస్‌వర్డ్‌లు, వైఫై పాస్‌వర్డ్ మార్చండి. వాట్సాప్ గ్రూపులు, సోషల్ మీడియా పేజీల అడ్మిన్ హక్కులు, తలుపు కోడ్ చూడండి. ఎంత మంచి మాటల మీద వెళ్లినా ఇవన్నీ చేయాలి. తర్వాత ఏదైనా జరిగితే అనుమానం ఆ మనిషి మీదికి పోకుండా ఉండేదీ దీనివల్లే.

ఏదైనా జరిగిపోతే మొదటి గంటలో

- ఆ కంప్యూటర్ వైఫై, నెట్‌వర్క్ వైరు తీసేయండి. కంప్యూటర్‌ని ఆఫ్ చేయకండి, ఫార్మాట్ అసలే వద్దు. ఏం జరిగిందో తెలిపే ఆనవాళ్లు అందులోనే ఉంటాయి.
- డబ్బు పోయి ఉంటే అన్నిటికంటే ముందు బ్యాంకుకు ఫోన్. డబ్బును మధ్యలో ఆపగలిగే అవకాశం గంటగంటకూ తగ్గిపోతుంది.
- వేరే శుభ్రమైన కంప్యూటర్ నుంచి మెయిల్ పాస్‌వర్డ్ మార్చి, అన్ని డివైజ్‌ల నుంచి సైన్ అవుట్ చేయండి. ఫార్వార్డింగ్ నియమాలు చూడండి.
- బ్యాకప్ డిస్కుని ఆ కంప్యూటర్‌కి తగిలించకండి. కంగారులో అందరూ చేసే పని ఇదే, దాంతో ఉన్న ఒక్క మంచి కాపీ కూడా పోతుంది.
- మీ దేశంలో సైబర్ నేరాలు చూసే విభాగానికి ఫిర్యాదు చేయండి. బీమా ఉంటే వాళ్లకూ చెప్పండి.

ఈ ఐదు పనులూ, బ్యాంకు నంబరు, ఇద్దరు అడ్మిన్‌ల సొంత ఫోన్ నంబర్లు, బీమా పాలసీ నంబరు ఒక కాగితం మీద ప్రింట్ తీసి గోడకు అంటించండి. షేర్డ్ ఫోల్డర్‌లో పెడితే, అది అవసరమైన రోజున ఆ ఫోల్డర్ తెరుచుకోదు.